లేని మైల

సంగటి కెలుకుతూ వాక్యం గురించి ఆలోచిస్తే ఉండలు కడుతుంది. మూడేళ్ల అనుభవం మీద చెబుతున్న మాట ఇది. రాగిపిండి పోశాక తెడ్డు ఆగకూడదు. నా తెడ్డు ఆగేది. నేను రాస్తున్న నవలలో ఓబులమ్మ బావిలోకి దిగబోతూ తాడు పట్టుకున్నప్పుడు ఆమె చేతులు వణికాయని రాయాలా, వణకలేదని రాయాలా అని పొయ్యి ముందు నిలబడిపోయేదాన్ని. మధ్యాహ్నం మా అత్త ఆంజినమ్మ ముద్ద విరిచేది. లోపల పొడిపిండి కనబడగానే, "ఈ పొద్దు గూడా ఏందో రాసినట్లుండావే" అనేది. రాసింది ఏమీ ఉండేది కాదు. పొయ్యి దగ్గర పుట్టిన వాక్యం, గిన్నెలు తోమి, చెట్లకు నీళ్లు పోసి, పేడ ఎత్తేసరికి ఎటో పోయేది. ఉండలు మాత్రం కంచంలో మిగిలేవి.

నేను చదివింది ఎనిమిదో తరగతి వరకే. మాది గార్లదిన్నెకు నాలుగు మైళ్ల లోపల ఒక పల్లె. మా ఆయన జయరాముడికి తొమ్మిదెకరాల మెట్ట ఉంది. వాన పడితే వేరుశనగ వేస్తాం, పడకపోతే మబ్బుల వైపు చూస్తూ కూర్చుంటాం. ఒక్కగానొక్క కూతురు అనంతపురంలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఇంట్లో ఉండేది ముగ్గురం. సోమవారం ఈశ్వరుడికి, శనివారం ఆంజనేయుడికి ఒంటిపూట ఉంటాం. దీపం పెట్టకుండా నేను పొయ్యి ముట్టించిన రోజు లేదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తరువాత నేను చేసిన పని విన్నవాళ్లు నాకు దేవుడంటే లెక్కలేదని అనుకోకూడదు.

పెరడు పని కూడా నాదే. నేను చెప్పేది ఎనభై నాలుగో సంవత్సరం సంగతి. వరుసగా వానలు తప్పిన ఏళ్లవి. స్నానాల బండ మీద పడిన నీళ్లను వేలెడు కాలువ తీసి పెరట్లోకి మళ్లించాను. బియ్యం కడిగిన నీళ్లు వంగకు, గిన్నెలు తోమిన నీళ్లు బీర పాదుకు, బట్టలు ఉతికిన నీళ్లు బెండకు. ఏ నీళ్లు ఏ మొక్కకు పోవాలో మా ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. ఎవరైనా బండ మీద నిలబడి రెండు చెంబులు ఎక్కువ పోసుకుంటే నాకు సంతోషంగా ఉండేది, బీర తీగ తాగుతుంది కదా అని. పూటపూటా కూర అక్కడినుంచే రావాలి. ఏదీ లేనినాడు వేరుశనగ పప్పు వేయించి ఊరిబిండి పచ్చడి నూరేదాన్ని.

మరి రాసేది ఎప్పుడంటే, నెలకు మూడు రోజులు.

మా ఇంట్లో ఆడవాళ్లు బయట ఉన్నప్పుడు పశువుల కొట్టానికి ఆనించి వేసిన వసారాలో కూర్చోవాలి. ఇల్లు తొక్కకూడదు, పొయ్యి ముట్టకూడదు, పెరట్లో అడుగుపెట్టకూడదు. ఆ మనిషి నీడ పడితే బీర పిందెలు మాడిపోతాయని మా అత్త నమ్మకం. అన్నం, నీళ్లు దూరంగా పెట్టి పోతుంది. నాలుగో రోజు పొద్దున తలస్నానం చేసి లోపలికి రావాలి. పెళ్లయిన కొత్తలో ఆ మూడు రోజులూ ఏడ్చేదాన్ని. తరువాత తరువాత బొంతలు కుట్టాను. ఒక వేసవిలో కూతురి నోటుపుస్తకాల్లో మిగిలిపోయిన తెల్లకాగితాలు కనబడ్డాయి. మా పుట్టింటి పక్కన బావులు తవ్వే కుటుంబం ఒకటి ఉండేది. వాళ్ల సంగతి రాద్దామని మొదలుపెట్టాను. అది నవల అవుతుందని నాకు అప్పుడు తెలియదు. ఎంతకీ అయిపోకపోతే నవలే అనుకున్నాను.

మా అత్త దానికి అడ్డం చెప్పలేదు. బయట కూర్చున్న మనిషి ఏదో ఒకటి చేసుకోవాలి కదా, కొందరు బొంతలు కుడతారు, కొందరు దూది ఏకుతారు, నా కోడలు రాస్తుంది, అనేది వచ్చినవాళ్లతో. ఆమె దృష్టిలో రాత కూడా మైలలో చేసుకోదగిన పనే.

నాకే ఒక సందేహం ఉండేది. కాగితమంటే సరస్వతి. పొరపాటున కాలు తగిలితే కళ్లకద్దుకుంటాం. బయట ఉన్నప్పుడు దాన్ని ముట్టుకోవచ్చునా? చాలా ఆలోచించి నాకు నేనే ఒక సమాధానం చెప్పుకున్నాను. రాయకముందు అది ఉత్త కాగితం, రాశాక సరస్వతి. కాబట్టి రాసేటప్పుడు తప్పులేదు, రాసిన తరువాత శుద్ధి చేసి లోపలికి తీసుకుపోతే చాలు. ఇది సరైన సమాధానమో కాదో చెప్పేవాళ్లు ఎవరూ లేరు. ప్రతి నెలా నాలుగో రోజున కాగితాల కట్ట మీద పసుపునీళ్లు చిలకరించి దేవుడి గది పక్కనున్న ట్రంకు పెట్టెలో పెట్టేదాన్ని. సిరా చెదరకుండా మూల మీద ఒక్క చుక్క.

ఆ ఏడు మే నెల సెలవులకు వచ్చినప్పుడు కూతురు ఒక వారపత్రిక తెచ్చింది. మద్రాసు నుంచి వచ్చేది. అందులో నవలల పోటీ ప్రకటన ఉంది. కాగితానికి ఒక పక్కనే రాయాలి, ఆగస్టు ముప్పై ఒకటో తేదీలోగా చేరాలి. పంపు అమ్మా అంది కూతురు. నవ్వి ఊరుకున్నాను గానీ ఆ రోజు నుంచి ఆ తేదీ నా తలలో మేకులాగా దిగింది. మొత్తం ఇరవై ఆరు అధ్యాయాలు అనుకున్నాను. జూలై మొదట్లో బయట ఉన్న మూడు రోజులకు ఇరవై మూడు పూర్తయ్యాయి. ఇంక మూడే. ఆగస్టు మొదట్లో వచ్చే మూడు రోజుల్లో అవి అయిపోతాయి, రిజిస్టరు పోస్టులో పంపవచ్చు. లెక్క సరిపోయింది.

జూలైలో నాలుగో రోజు నేను తలస్నానం చేసి జుట్టు ఆరబెట్టుకుంటున్నాను. కాగితాలను శుద్ధి చేస్తే గానీ లోపల పెట్టకూడదని మా అత్తకు చెప్పింది నేనే. నాకు సాయం చేద్దామని ఆమె చెంబు తీసుకుంది. దేవుడింటి పక్కన పెట్టేవి సరిగ్గా చల్లాలని, మామిడాకుతో చిలకరిస్తే చాలదనుకుని, దోసిలితో మూడుసార్లు పోసింది. నేను చూసేసరికి పైనున్న రెండు అధ్యాయాలు పసుపుపచ్చని నీటిలో నీలం చారలుగా కారిపోతున్నాయి.

"బాగా తడిసినాయి" అంది మా అత్త, పని బాగా చేశానన్నట్లు.

ఎండలో ఆరబెట్టాను. ఆరిన తరువాత అక్కడొక మాట, ఇక్కడొక మాట మిగిలాయి. ఆగస్టు మొదట్లో నాకు వచ్చిన మూడు రోజులూ ఆ రెండు అధ్యాయాలను గుర్తు తెచ్చుకుని తిరిగి రాయడానికే పోయాయి. మొదటిసారి రాసినప్పుడు ఉన్న ఊపు లేదు. ఓబులమ్మ మాటలన్నీ ఎవరో చదివి వినిపిస్తున్నట్లు ఉన్నాయి. అయినా రాశాను. నాలుగో రోజు లోపలికి వచ్చేటప్పటికి ఇంకా మూడు అధ్యాయాలు అలాగే ఉన్నాయి, ఇంకో నెల దాకా నాకు రోజులు లేవు.

మామూలు రోజుల్లో రాయడానికి ప్రయత్నించలేదా అంటే, ప్రయత్నించాను. మధ్యాహ్నం అందరూ తిన్నాక కూర్చుంటే, అత్తకు కాళ్లు పట్టాలి. ఆమె నిద్రపోయిందని కాగితం తీస్తే, మేత కోసం ఆవు అరిచేది. ఆవుకు మేత వేసి వస్తే, బోరింగు దగ్గర వరుస వచ్చిందని పక్కింటి గంగక్క పిలిచేది. పోకపోతే వరుస తప్పుతుంది, వరుస తప్పితే వంటకు నీళ్లు ఉండవు. ఒకరోజు పట్టుబట్టి ఆరు వాక్యాలు రాశాను. మరునాడు చదివితే, ఆరింటిలో రెండుచోట్ల ఓబులమ్మ బావిలో ఉంటూనే గట్టు మీద నిలబడి ఉంది.

శ్రావణమాసం సగం దాటింది. వాన లేదు. విత్తిన వేరుశనగ మొలిచి రెండాకుల దగ్గరే ఆగిపోయింది. మా ఆయన పొద్దున పొలం దాకా పోయి, చూసి తిరిగి వచ్చేవాడు. అలాంటి ఇంట్లో నా నవల సంగతి ఎవరితో చెప్పుకోను? పైరు ఎండిపోతున్న మనిషి ముందు అధ్యాయాలు మిగిలిపోయాయని ఏడవటం బాగుండదు. కానీ నాకు అది కూడా ఎండిపోతున్నట్లే ఉండేది.

ఒక శనివారం పొద్దున, ఆవు పాలు పితికి చెంబు గడప మీద పెట్టాను. నా నోటి వెంట ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. గడప లోపల ఉన్న మా అత్తతో, బయట ఉన్నాను అని చెప్పాను.

ఆమె వేళ్లు లెక్కపెట్టింది. "పదిహేడు దినాలకేనా?"

ఒంట్లో వేడి అయి ఉంటుందన్నాను. ఆమె నమ్మింది. ఎండలు అట్లున్నాయి, మనిషి ఎట్ల తట్టుకుంటాది అని నా మీద జాలిపడింది. నేను ముట్టుకున్న పాలచెంబు మీద నీళ్లు చల్లి, ఆ పాలు దూడకు పోయించింది. మధ్యాహ్నం మెంతులు నానబెట్టిన మజ్జిగ తెచ్చి దూరంగా పెట్టి, అంతా తాగు, చలవ చేస్తుంది అని చెప్పి పోయింది. తాగాను. చేదుగా ఉంది.

ఆ రోజు రాసినట్లు నేను మళ్లీ ఎప్పుడూ రాయలేదు. సాయంత్రానికి ఇరవై నాలుగో అధ్యాయం అయిపోయింది. మనసులో ఏదో ఒక మూల, ఇది అబద్ధంతో తెచ్చుకున్న రోజు అని నలుగుతూనే ఉంది. చేయి మాత్రం ఆగలేదు. మధ్యమధ్య తల ఎత్తితే పెరడు కనబడేది. వంగ ఆకులు వేలాడుతున్నాయి. ఏ నీళ్లు దేనికి పోయాలో తెలియక మా అత్త అన్నీ కలిపి కరివేపాకు చెట్టు మొదట్లో పోసింది. నా ఒంటికి ఏ మైలా లేదు. లేచి వెళ్లి రెండు చెంబులు పోస్తే ఏ పిందే మాడదు. కానీ పోలేను. నిజంగా బయట ఉన్నప్పుడు ఒకసారి, ఎవరూ చూడకుండా, గాలికి కింద పడిన బీర తీగను ఎత్తి పందిరి మీద వేశాను. ఆ తీగే ఆ ఏడు అన్నిటికంటే ఎక్కువ కాసింది. ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. దానికి అర్థమేమిటో నేను కూడా తేల్చుకోలేదు.

ఆదివారం పదిగంటలకు ఊర్లో దండోరా వేశారు. సోమవారం పొద్దున గుట్ట మీది ఈశ్వరుడికి వాన కోసం ఘటాభిషేకం. ఇంటికొక బిందె నీళ్లు, వాళ్ల సొంత బావివో దొరువువో. ఇంటి ఆడమనిషి తడిబట్టలతో మోసుకుపోవాలి. దారిలో బిందె ఎక్కడా దించకూడదు. గర్భగుడి గడపకు మట్టి అడ్డం కట్టి, లింగం మునిగేదాకా పోస్తారు. ఏ ఇంటి బిందె రాకపోయినా ఆ ఇంటిమీదే కాదు, ఊరి మీదే వాన అలుగుతుందని అంటారు.

మా ఇంటినుంచి పోయే మనిషిని నేను. పెళ్లై వచ్చినప్పటినుంచి ఎప్పుడు ఘటాభిషేకం జరిగినా నేనే మోశాను. ఇప్పుడు ఇంట్లో మిగిలింది మా అత్త. శివుడికి నీళ్లు పోయడానికి ముత్తయిదువే కావాలన్న పట్టింపు మా ఊర్లో లేదు. ఆమె పోవచ్చు. కానీ ఆమె కుడి మోకాలు రెండేళ్లుగా వంగదు. గుడికి అరమైలు నడక, ఆపైన గుట్టకు నలభై మెట్లు.

ఆ దండోరా విన్న తరువాత ఇరవై అయిదో అధ్యాయం సగంలో ఆగిపోయింది.

ఇప్పుడే లేచి, అబద్ధం చెప్పాను, నాకేమీ లేదు అని చెప్పేస్తే సరిపోతుంది. ఎన్నిసార్లు అనుకున్నానో. చెబితే రేపు ఆ బిందె నా నెత్తిన ఉంటుంది. కానీ శ్రావణ శనివారం నాడు పాలచెంబు చేతపట్టుకుని అబద్ధమాడిన కోడలిగా ఈ ఊర్లో నేను ఎట్లా తిరగను? అది ఒక భయం. ఇంకొకటి కూడా ఉంది, దాచను. ఇంకా ఒకటిన్నర అధ్యాయం ఉంది. రేపొక్కరోజు దొరికితే అయిపోతుంది. సిగ్గు సగం, ఆ ఒకటిన్నర అధ్యాయం సగం, రెండూ కలిసి నన్ను లేవనివ్వలేదు.

సోమవారం తెల్లవారగానే మా ఆయన ఎండిపోవచ్చిన మా బావిలోకి మెట్లు దిగి, అడుగున మిగిలిన నీళ్లను చెంబుతో తోడి ఇత్తడి బిందె నింపాడు. మా అత్త తలమీద నీళ్లు పోసుకుని, తడిచీర కొంగు నడుముకు చుట్టి, బిందె నెత్తికెత్తించుకుంది. తప్పెట్లు మా వీధిలోకి వచ్చాయి. ముందు గంగక్క, వెనక ఇంకో ఇరవైమంది ఆడవాళ్లు. అందరూ వసారా ముందునుంచి పోయారు. వెనకబడిన మా అత్త నా ఎదురుగా వచ్చి నిలబడింది. బిందె మీద ఒక చేయి, మోకాలి మీద ఒక చేయి. ఆయాసం తీర్చుకుంటోందనుకున్నాను. నా వైపు చూసింది. నేను తల వంచుకుని కాగితం మీద కలం ఆనించాను. ఆమె చాలాసేపు నిలబడ్డట్లు అనిపించింది. తరువాత కాలు ఈడ్చుకుంటూ తప్పెట్ల వెంట పోయింది.

వసారాలో నుంచి గుట్ట మెట్లు కనబడతాయి. రంగురంగుల చీరలు పైకి పోయాయి. అందరూ పైకి చేరినా ఒక్క తెల్లచీర మాత్రం మెట్టుకొకసారి ఆగుతూ ఎక్కుతోంది. మధ్యలో ఎవరో కిందికి దిగి వచ్చి బిందె అందుకోబోయారు. ఆమె ఇవ్వలేదు. పదిహేడో మెట్టు దాకా లెక్కపెట్టాను, తరువాత చూడలేకపోయాను.

ఆ రోజు నేను ఒక్క అక్షరం కూడా రాయలేదు.

లింగం మునిగిందన్నారు. మధ్యాహ్నం మబ్బు పట్టింది, గాలి వీచింది, దుమ్ము లేచింది, అంతటితో సరి. కుందుర్పి పక్క మాత్రం కుంభవృష్టి అని మరునాడు బస్సులో వచ్చినవాళ్లు చెప్పారు. మా ఊర్లో చినుకు లేదు.

మంగళవారం తలస్నానం చేసి లోపలికి పోయేసరికి మా అత్త మంచం మీద ఉంది. మోకాలు కుండలా వాచింది. ఆముదపాకు వేడిచేసి కట్టాను. కట్టు బిగిస్తుంటే ఆమె పైకప్పు వైపు చూస్తూ అంది:

"మూడు దినాలూ కొట్టం ఎనక కంప మీద ఒక్క గుడ్డ ఆరలేదు."

బయట ఉన్న మనిషి ఉతికిన గుడ్డలు ఆరేసేది ఆ కంప మీదే. నవలలో ఇరవైనాలుగు అధ్యాయాలు కల్పించినదాన్ని, ఆ ఒక్కటీ కల్పించడం మరిచిపోయాను.

"ఎప్పుడు తెలిసె అత్తా?"

"ఆదివారమే. దండోరా ఇనకముందే."

"తెలిసీ నువ్వెందుకు మోసినావు? ఒక్క మాట అనింటే నేను వచ్చేదాన్ని గదా."

"అంటే వస్తావు. అనకుండా వస్తావేమోనని నీ ముందర నిలబడితి. తల వంచుకోని రాసుకుంటాంటివి."

రాయలేదని చెప్పాలనిపించింది. కలం ఆనించాను గానీ రాయలేదని. చెబితే మాత్రం ఏం ఒరుగుతుంది.

మా అత్త నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఊరంతా నీళ్లు మోసినా వాన ఎందుకు రాలేదో తన నోటితో తాను అననని, నన్నే ఆలోచించుకోమని చెప్పింది. ఆలోచించాను. చాలా రోజులు అదే ఆలోచించాను. నా అబద్ధం వల్ల ఊరికి వాన తప్పిందా? దేవుడు ఒక కోడలి మాట మీద ఇన్ని పొలాలు ఎండగడతాడా? ఒకవేళ అదే నిజమైతే, కుందుర్పిలో ఆ వారం అందరూ నిజాలే చెప్పారా? ఈ మాట ఎవరితోనూ అనలేదు, దేవుడి ముందు మాత్రం దీపం పెట్టేటప్పుడు అడిగాను. వెక్కిరించాలని కాదు, తెలియక అడిగాను.

ఆ మంగళవారమే మా అత్త ఇంకో మాట కూడా చెప్పింది. "ఇంగ మీదట నువ్వు వసారాలో కూచునేది లేదు. అది నీ నోటి మాట మీద నడిచేది. చూసి తెలుసుకునేది గాదు గదా. నోరు నమ్మలేనప్పుడు బయటైతే ఏమి, లోపలైతే ఏమి. దేవుడి గది నేను చూసుకుంటా. నువ్వు తానం చేసి వంట చెయ్యి."

అప్పుడు నాకు పూర్తిగా అర్థం కాలేదు. ఆమె మోకాలికి కట్లు మారుస్తూ, ఇద్దరు మనుషుల పని చేస్తూ ఉండగా ఆగస్టు ముప్పై ఒకటి వచ్చింది. ఆ రోజు పొద్దున వంగ మొక్కల్లో బతికినవి ఏవో, పీకేయవలసినవి ఏవో చూస్తున్నాను. పదిహేను మొక్కల్లో నాలుగు బతికాయి. మద్రాసుకు పోవలసిన కట్ట ట్రంకు పెట్టెలోనే ఉంది. పోస్టు వ్యాను పోయే వేళ దాటిందని ఎండను చూసి తెలుసుకున్నాను. నాలుగు కాయలు కోసి పులుసు పెట్టాను.

సెప్టెంబరులో నిజంగానే నాకు ఆ రోజులు వచ్చాయి. ఉదయం స్నానం చేసి పొయ్యి ముట్టించాను. కొర్రలు వండాను, చింతాకు పప్పు చేశాను, బోరింగు వరుసకు పోయాను. మధ్యాహ్నం వసారా వైపు చూస్తే ఆవుదూడ అందులో పడుకుని ఉంది. ముప్పై రోజులకు ముప్పై రోజులూ వంటే అని అప్పుడు అర్థమైంది.

ఈ మార్పు ఊర్లో తెలిసిపోయింది, కారణం మాత్రం తెలియలేదు. మా అత్త ఎవరికీ చెప్పలేదు, అది ఆమె గొప్పతనం. మా ఆయనకు కూడా తెలియదు. ఆయన టీ అంగడి దగ్గర, మా ఇంట్లో ఆ పాత పద్ధతులు ఎత్తేశామని చెప్పుకున్నాడట. కాలం మారిందని నలుగురూ మెచ్చుకున్నారట. గంగక్క బోరింగు దగ్గర నా భుజం మీద చేయి వేసి, "నీ అదృష్టం, మా అత్తకు ఈ బుద్ధి చచ్చేదాకా రాదు" అంది. నేను నవ్వాను. అంతకంటే ఏం చెయ్యను? సంకెళ్లు తీసేశారని ఊరంతా సంతోషపడుతుంటే, నాకవి నెలకు మూడు రోజులు కావాలని ఎట్లా చెప్పను?

అయినా ఒక సాయంత్రం చెప్పాను. మా ఆయన, అత్త ఇద్దరూ ఇంటి ముందు పంచలో ఉన్నారు. నాకు నెలకు మూడు రోజులు కావాలని, రాసుకోవడానికని, ఇంకా ఒకటిన్నర అధ్యాయం మిగిలిందని చెప్పాను. పెళ్లైన ఇరవై ఏళ్లలో నేను నోరు తెరిచి ఇలాంటిది అడగడం అదే మొదలు అనుకుంటాను. చీర గురించి అడిగాను, కూతురి ఫీజు గురించి అడిగాను. రోజుల గురించి ఎప్పుడూ అడగలేదు.

మా ఆయన ఆశ్చర్యపోయాడు. "అమ్మ అదంతా తీసేసి నీకు సుఖం చేస్తే, మళ్లా పోయి కొట్టంలో కూచుంటానంటావేమే?"

మా అత్త తొందరపడకుండా చెప్పింది. "మైల అంటే మూడు దినాలు నేను వండుతా. మోకాలు ఇరిగినా వండుతా. అది దేవుడు పెట్టింది. రాత కోసరం వండమని నాకు ఎవురు చెప్పినారు?"

దేవుడు మైలకు మూడు రోజులు ఇచ్చాడు. రాతకు ఇవ్వలేదా, ఇచ్చినా మనం వినలేదా? పురాణం చదివేటప్పుడు కాగితాన్ని కళ్లకద్దుకునే మా అత్తే, దాన్ని ఎవరో ఎప్పుడో ఎక్కడో కూర్చుని రాసి ఉంటారని, అప్పుడు వాళ్ల ఇంట్లో ఎవరో వండి ఉంటారని అనుకోదు. నేనూ అంతకుముందు అనుకోలేదు.

అక్టోబరులో ఒక బుధవారం. పొద్దుననుంచి ఒళ్లు మండుతున్నట్లు చిరాకుగా ఉంది. ఎవరి మీదా కాదు, నా మీదే. అన్నం, పప్పు దించి మూతలు పెట్టాను. బోరింగు నీళ్లు తెచ్చి తొట్టి నింపాను. అత్తకు పెట్టాను, మా ఆయనకు పొలానికి కట్టి పంపాను. కంచాలు కడిగిన నీళ్లు బీర పాదుకు పోశాను. ఆపైన ట్రంకు పెట్టె తెరిచి కాగితాలు తీసుకుని, దూడను తోలేసి, వసారా ఊడ్చి, గోనెపట్ట పరుచుకుని కూర్చున్నాను.

దారిన పోతున్న గంగక్క చూసి ఆగిపోయింది.

"ఏమ్మే, మళ్లా బయటనా? ఎత్తేసినారంటిరే?"

"బయట లేను గంగక్కా. రాసుకుంటాండా."

ఆమె దగ్గరికి రావడానికి ఒక అడుగు వేసి, మళ్లీ వెనక్కి తీసుకుంది. "మరి ముట్టుకోవచ్చునా?"

ముట్టుకోవచ్చన్నాను. ఆమె నమ్మలేదు. నాలుగు బారల దూరంలోనే నిలబడి రెండు మాటలు మాట్లాడి, తల ఊపుకుంటూ పోయింది.

ఆ మాటలు విని మా అత్త కర్ర పట్టుకుని వచ్చింది. కొట్టం గుంజకు ఆనుకుని నిలబడింది. నేను లేవలేదు. లేవకుండా ఉండటానికి ఒళ్లో కాగితాల కింద పెట్టుకున్న అట్టను రెండు చేతులతోనూ పట్టుకున్నాను.

"మైల లేదు, జబ్బు లేదు. పట్టపగులు ఇట్ల కూచుంటే చూసినోళ్లు ఏమనుకుంటారు?"

"అడిగితే నా కోడలు రాసుకుంటాందని చెప్పు అత్తా."

"నవ్వుతారు."

"నవ్వనీ."

ఆమె గుంజ వదిలి కర్ర ఊనుకుంది. కూర్చోమనలేదు, లెమ్మనలేదు. లోపలికి పోయింది. కర్ర చప్పుడు పంచ దాటి, వంటింటి దాకా పోయి ఆగింది. పిలుస్తుందేమోనని ఎదురుచూశాను. ఆ ఎదురుచూపులోనే కొంతసేపు పోయింది. తరువాత, ఇంత చేసి ఎదురుచూస్తూ కూర్చోవడం ఏమిటని నన్ను నేనే తిట్టుకుని కలం మూత తీశాను.

ఎండ నా మోకాళ్ల దాకా వచ్చేసరికి ఒక పేజీ అయింది. చదివి చూశాను. బాగాలేదు. ఓబులమ్మ మాట్లాడవలసిన చోట నేను మాట్లాడాను. అడ్డంగా కొట్టేసి, ఇంకో కాగితం తీసుకుని, గోనెపట్టను నీడలోకి జరుపుకున్నాను.